ఫుట్‌పాత్ ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో విదేశీ రాయబారుల విందులకు, స్వాగత సభలకు కెమెరా పట్టుకుని తిరిగిన రోజుల గురించి నాలుగు ముక్కలు రాశాను. అది చదివి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జ్ఞాపకాల గురించి కాదు, గొడవల గురించి. గేటు దగ్గర ఆపారని, ఫొటోలు తీసేయమన్నారని, కెమెరా లాక్కున్నారని. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు న్యూస్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన మనిషిని, లాయర్ని కాదు. అయితే ఇలాంటి గేట్ల దగ్గర నిలబడీ నిలబడీ, ఒకసారి ఒళ్ళు మండి, అందరూ పేరు చెప్పి బెదిరించే, దౌత్యవేత్తల రక్షణల గురించిన ఆ వియన్నా ఒప్పందాన్ని తెప్పించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మొత్తం 53 అధికరణాలు. ఒక మధ్యాహ్నం సరిపోయింది. ఆ మధ్యాహ్నం తర్వాత నా టెన్షన్ సగం తగ్గింది.

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్ని మేడం. ఒక సాంస్కృతిక సంస్థ మ్యూజియం ఆవరణను ఒక సాయంత్రానికి అద్దెకు తీసుకుని, ఒక విదేశీ ఎంబసీతో కలిసి కార్యక్రమం పెట్టింది. నేను గేటు బయట ఫుట్‌పాత్ మీద నిలబడి లోపలికి వెళ్తున్న అతిథులను తీస్తున్నాను. సూటు వేసుకున్న ఒకాయన వచ్చి, "ఈ రాత్రికి ఇది మా దేశ భూభాగం, ఫొటోలన్నీ డిలీట్ చెయ్యండి" అన్నాడు. భయపడి చేసేశాను. ఆయన చెప్పింది నిజమేనా?

జవాబు: కాదు బాబూ. అసలు ఎంబసీ భవనమే ఆ దేశపు భూభాగం కాదు. చాలామంది అలాగే అనుకుంటారు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా న్యూస్ ఎడిటర్ కూడా అలాగే అనుకునేవారు. 1961 ఏప్రిల్‌లో వియన్నాలో కుదిరిన దౌత్య సంబంధాల ఒప్పందంలో 22వ అధికరణం చెప్పేది వేరు. రాయబారి ఒప్పుకోకుండా ఆతిథ్య దేశపు పోలీసులు, అధికారులు ఎంబసీ లోపలికి అడుగు పెట్టకూడదు, సోదా చేయకూడదు. నేల మాత్రం ఆతిథ్య దేశానిదే. అక్కడి చట్టాలను దౌత్యవేత్తలు గౌరవించి తీరాలని 41వ అధికరణం విడిగా చెప్తుంది కూడా.

పైగా ఆ రక్షణ దేనికి ఉంది? ఎంబసీ పనులకు వాడే భవనాలకు, వాటి చుట్టూ ఉన్న స్థలానికి, రాయబారి నివాసానికి. సొంతమా అద్దెదా అన్నది చూడరు. మిగతా దౌత్యవేత్తల ఇళ్ళకూ 30వ అధికరణం అదే రక్షణ ఇస్తుంది. ఒక సాంస్కృతిక సంస్థ ఒక్క సాయంత్రానికి తీసుకున్న మ్యూజియం ఆవరణ వీటిలో దేని కిందికీ రాదు. ఎంబసీయే నేరుగా అద్దెకు తీసుకుని ఉంటే లాయర్లు కాసేపు వాదించుకునేవాళ్ళేమో. అప్పుడైనా గేటు బయట ఫుట్‌పాత్ దాకా ఆ వాదన రాదు.

మరి ఆయన దగ్గర నిజంగా ఏముంది? ఆయన గుర్తింపు పొందిన దౌత్యవేత్తే అయితే 29వ అధికరణం ఆయన ఒంటికి రక్షణ ఇస్తుంది. ఆయన్ని అరెస్టు చేయకూడదు, నిర్బంధించకూడదు. ఆయన ఎక్కడికి పోతే ఆ రక్షణ అక్కడికి వస్తుంది, గొడుగులాగా. గొడుగు తన తల తడవకుండా చూసుకోవడానికి. చేతిలో గొడుగు ఉంది కదా అని దారిలో పోయేవాళ్ళను పక్కకు జరగమనే అధికారం రాదు. ఈ ఒక్క తేడా తెలియకే మనవాళ్ళు చాలామంది వణికిపోతారు. ఆయన మీద కేసు నడవకపోవచ్చు. ఆయన మాట మనం వినాలని మాత్రం ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు.

ఇంకోసారి ఇలా జరిగితే మర్యాదగా ఒకటే అడగండి: "మీరు ఏ హోదాలో చెప్తున్నారు?" లోపల ఏం తీయాలో, తీయకూడదో చెప్పే హక్కు స్థలం అద్దెకు తీసుకున్నవాళ్ళది. వీధిలో మిమ్మల్ని జరగమనే అధికారం పోలీసులది. అదైనా భద్రతకో, రాకపోకలకో అవసరమైనంత మేరకే. తీసిన ఫొటోను చెరిపేయమనడానికి చాలా దేశాల్లో పోలీసులకు కూడా అధికారం ఉండదు. ఎంబసీ మనిషికి ఈ మూడింటిలో ఏదీ లేదు.

డిలీట్ చేశానన్నారు కదా, ఆ మెమరీ కార్డు మీద మళ్ళీ ఏమీ తీయకుండా పక్కన పెట్టి ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగి రావచ్చు. ప్రయత్నించండి. రీళ్ళ కాలంలో మా బాధ వేరే. కెమెరా వెనక తలుపు తెరిచారంటే రీలంతా పోయినట్టే. అందుకని నా జేబులో ఎప్పుడూ ఒక ఖాళీ రీలు ఉండేది. గట్టిగా అడిగితే అది చేతిలో పెట్టేదాన్ని. రెండుసార్లు పనికొచ్చింది. మూడోసారి ఆ గార్డు నవ్వి, "రెండోది కూడా ఇవ్వండి" అన్నాడు.

ప్రశ్న: విందు జరుగుతున్న పార్కు బయట ఒక వ్యక్తి మా వీడియోగ్రాఫర్ కెమెరా లాక్కుని నేలకేసి కొట్టాడు. దౌత్యవేత్త కాబట్టి ఏమీ చేయలేమని స్టేషన్‌లో అన్నారు. నిజంగా ఏ దారీ లేదా?

జవాబు: ముందు ఆ "వ్యక్తి" ఎవరో తేల్చండి. అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. సూటు, చెవిలో వైరు చూసి దౌత్యవేత్త అనుకోవద్దు. గార్డు స్థానికంగా జీతానికి పెట్టుకున్న మనిషే అనుకోండి, అతను స్థానిక పౌరుడైతే, ఇలాంటి పనికి అతనికి ఏ రక్షణా లేదు. ఎంబసీ పాలనా, సాంకేతిక సిబ్బంది అయితే క్రిమినల్ కేసు నుంచి రక్షణ ఉంటుంది. డ్యూటీతో సంబంధం లేని పనికి మాత్రం సివిల్ దావా నుంచి ఉండదు. కాన్సులేట్ అధికారి అయితే లెక్క మరోలా ఉంటుంది. ఆయనకు వర్తించేది 1963 నాటి రెండో వియన్నా ఒప్పందం. అందులో అధికారిక పనులకే రక్షణ. గౌరవ కాన్సల్ అని ఉంటారు, చాలాచోట్ల వాళ్ళు స్థానిక వ్యాపారులే. కారుకు ఓ గుర్తు, బల్ల మీద ఓ జెండా ఉంటాయి గానీ, కెమెరా పగలగొట్టి తప్పించుకునే వీలు వాళ్ళకు లేదు.

ఒకవేళ నిజంగానే దౌత్యవేత్త అయితే? 31వ అధికరణం ప్రకారం క్రిమినల్ కేసు నడవదు. సివిల్‌లో మూడు మినహాయింపులు ఉన్నాయి: సొంత స్థిరాస్తి, వారసత్వం, ఉద్యోగానికి బయట చేసుకునే వ్యాపారం. కెమెరా పగలగొట్టడం మూడింటిలోనూ లేదు. అయినా స్టేషన్‌లో అన్నట్టు "ఏమీ" లేకపోలేదు. ఫిర్యాదు రాయించుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఆ కాగితం విదేశాంగ శాఖకు చేరాలి. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి, ఆయన్ని పంపిన దేశాన్ని రక్షణ వదులుకోమని అడగడం. ఆ రక్షణ మనిషి సొత్తు కాదు, దేశం సొత్తు. ఆయన వద్దన్నా ఆయన దేశం వదులుకోగలదు. 1997లో వాషింగ్టన్‌లో ఒక జార్జియా దౌత్యవేత్త నడిపిన కారు ఢీకొని పదహారేళ్ళ అమ్మాయి చనిపోయినప్పుడు జార్జియా అలాగే వదులుకుంది. ఆయన నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. రెండోది 9వ అధికరణం. కారణం చెప్పకుండానే "ఈయన మాకు వద్దు" అని ఆతిథ్య దేశం పంపేయవచ్చు. పర్సోనా నాన్ గ్రాటా అంటారే, అదే.

మూడోది కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పదవీకాలం అయిపోయి ఆ దేశం వదిలి వెళ్ళాక, అధికారిక పనులకే రక్షణ మిగులుతుందని 39వ అధికరణం అంటుంది. వ్యక్తిగతంగా చేసిన పనికి ఆ తర్వాత దావా వేయవచ్చు. అందుకే సాక్ష్యాలు పారేయకండి. పగిలిన కెమెరా, సాక్షుల పేర్లు, ఫిర్యాదు కాపీ అన్నీ దాచండి. పార్కులో నిలబడి కెమెరా పగలగొట్టడం ఏ దేశపు అధికారిక పని అని నేనైతే అడుగుతాను.

ఆ మనిషి మీద కాక, ఆ దేశం మీదే దావా వేసిన వాళ్ళూ ఉన్నారు. 2017 మే 16న వాషింగ్టన్‌లో టర్కీ రాయబారి నివాసం బయట, వీధిలో నిరసన తెలుపుతున్న వాళ్ళను అధ్యక్షుడు ఎర్దోగాన్ వెంట వచ్చిన భద్రతా సిబ్బంది కొట్టారు. వీడియోలు ప్రపంచమంతా చూసింది. క్రిమినల్ కేసుల్లో చాలావరకు తర్వాత ఉపసంహరించుకున్నారు. దెబ్బలు తిన్నవాళ్ళు టర్కీ ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేస్తే, ఆ దావా నడవవచ్చని 2021లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. నాలుగేళ్ళు పట్టింది, అదీ దావా నడవచ్చా లేదా అన్న ప్రశ్న దగ్గరే. ఆ వీడియోలు ఎవరో డిలీట్ చేసి ఉంటే అదీ ఉండేది కాదు.

ప్రశ్న: నేను ఈవెంట్ మేనేజర్ని. పబ్లిక్ గార్డెన్, ఆర్ట్ గ్యాలరీ లాంటి చోట్ల ఎంబసీల కార్యక్రమాలు చేస్తుంటాం. డబ్బు కట్టి, అనుమతి తీసుకుని పెట్టుకున్న ప్రైవేటు ఫంక్షన్. పిలవని ప్రెస్‌ని రానివ్వకపోవడం తప్పా? మీరెప్పుడూ ఫొటోగ్రాఫర్ల వైపే రాస్తారు.

జవాబు: రాస్తాను, ఒప్పుకుంటాను. మీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. మీరు తాడు కట్టిన హద్దు లోపల ఎవరిని పిలవాలో, ఎవరిని వద్దనాలో మీ ఇష్టం. పాస్ లేనివాళ్ళను ఆపితే పత్రికా స్వేచ్ఛకు భంగమేమీ కాదు. పిలిచి, ఫలానా పది నిమిషాలే తీయండి అన్నా సరే. నేను కూడా అలాంటి షరతులకు తలూపి లోపలికి వెళ్ళినదాన్నే, ఒప్పుకున్నాక తప్పలేదు కూడా.

నాకు పేచీ రెండు చోట్ల. మొదటిది, మీ హద్దు దాటి మీ గార్డులు బయటికి రావడం. మీరు గార్డెన్‌లో ఒక భాగం తీసుకుంటారు, తర్వాత మెల్లగా గేటు, ఆ తర్వాత వీధి, ఎదురుగా ఉన్న బస్టాప్ కూడా మీదే అయిపోతుంది. అనుమతి పత్రం మీద ఉన్న హద్దులు మీ గార్డులకు చదివి వినిపించారా ఎప్పుడైనా? ఒకసారి నేను రోడ్డుకు అవతలి వైపు గోడ మీద కూర్చుని లెన్స్ తుడుచుకుంటుంటే, ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చి లేవమన్నాడు. "ఎక్కడిదాకా మీది బాబూ?" అంటే చెయ్యి ఊపి దిక్కులన్నీ చూపించాడు. పాపం వాడికి ఎవరూ చెప్పలేదు.

రెండోది "ప్రైవేటు" అన్న మాట. కార్యక్రమానికి ప్రభుత్వం డబ్బు పెట్టిందా? మంత్రి వచ్చి ఏదైనా ప్రకటిస్తారా? ఒప్పందం మీద సంతకాలు అవుతాయా? అలాంటిది ఏదైనా ఉంటే, పిలుపు కార్డు మీద మీరు ఏం అచ్చు వేసినా అది పూర్తిగా మీ ఇంటి వ్యవహారం కాదు. నచ్చిన పత్రికను పిలిచి, నచ్చని రాతలు రాసినదాన్ని ఆపడం అక్కడ మరీ తప్పు.

గార్డుల ఎంపిక అతిథికి వదిలేయకండి. 2016 మార్చి 31న వాషింగ్టన్‌లోని బ్రూకింగ్స్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఎర్దోగాన్ ప్రసంగం ఉంది. ప్రైవేటు సంస్థ, దాని సొంత హాలు, బయట పబ్లిక్ రోడ్డు. సరిగ్గా మీ కార్యక్రమాల్లాంటిదే. ఆయన గార్డులు బయట విలేకరులతో కలబడ్డారు. నేషనల్ ప్రెస్ క్లబ్ ఖండించింది. మర్నాడు పత్రికల్లో ప్రసంగం సంగతి ఎవరు చదివారు? గొడవే చదివారు. హాలు బ్రూకింగ్స్‌ది, చెడ్డపేరు అతిథిది, తలనొప్పి ఇద్దరిదీ.

"ఏముంటుందండీ మా ఫంక్షన్లలో, వార్త ఏమీ ఉండదు" అని మీరు ఉత్తరం చివర రాశారు. 2016 డిసెంబర్ 19న టర్కీ రాజధాని అంకారాలో ఒక ఫొటో ప్రదర్శన ప్రారంభోత్సవం కూడా అలాంటిదే. అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ బుర్హాన్ ఓజ్‌బిలిజి ఇంటికి వెళ్తూ, దారిలోనే కదా అని ఆగాడు. రష్యా రాయబారి ఆంద్రేయ్ కార్లోవ్ మాట్లాడుతుండగా, డ్యూటీలో లేని ఒక పోలీసు వెనక నుంచి కాల్చాడు. ఓజ్‌బిలిజి పారిపోకుండా తీస్తూనే ఉన్నాడు. అక్కడ ఏం జరిగిందో ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా ఆ ఫొటోల వల్లే. మరుసటి ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం దానికే వచ్చింది. ఆ ఫొటోకు బహుమతి ఇవ్వొచ్చా అని మా వాళ్ళం చాలా రోజులు కొట్టుకున్నాం. నేను ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు.

ప్రశ్న: నాకు ప్రెస్ కార్డు లేదు. సొంతంగా వీడియోలు తీసి పెడతాను. "నువ్వు ప్రెస్ కాదు, వెళ్ళు" అంటారు. నాకు హక్కు లేదా?

జవాబు: ఉంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2011లో ఇచ్చిన 34వ సాధారణ వ్యాఖ్యలో జర్నలిజం అనేది ఒక పని అంది, ఉద్యోగం అనలేదు. బ్లాగర్లూ అందులోకి వస్తారు. జర్నలిస్టులందరికీ లైసెన్సు పెట్టడం కుదరదంది. అయితే, ప్రత్యేక ప్రవేశం ఇవ్వాల్సిన చోట గుర్తింపు కార్డులు పెట్టుకోవచ్చని కూడా అదే వ్యాఖ్యలో ఉంది. కాబట్టి వీధిలో మీకు కార్డు అక్కర్లేదు, తాడు లోపల అక్కరకొస్తుంది.

ప్రశ్న: ఎంబసీ ఎదుట ఆ దేశ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ అట్టలు పట్టుకున్న వాళ్ళ ఫొటో తీస్తుంటే, "ఇది మా గౌరవానికి భంగం, వియన్నా ఒప్పందం ప్రకారం పోలీసులు ఆపాలి" అని వాళ్ళ అధికారి అన్నారట. అలా ఉందా?

జవాబు: మాట ఉంది. 22వ అధికరణంలోనే, ఎంబసీ ప్రశాంతతకు, గౌరవానికి భంగం కలగకుండా ఆతిథ్య దేశం చూడాలని రాశారు. కానీ "గౌరవం" అంటే విమర్శ వినబడకపోవడమా? ఈ ప్రశ్న 1988లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బూస్ వర్సెస్ బ్యారీ అనే కేసు. రాజధానిలో ఎంబసీకి 500 అడుగుల లోపల, ఆ ప్రభుత్వాన్ని అప్రతిష్ట పాలుచేసే అట్టలు పట్టుకోకూడదని ఒక చట్టం ఉండేది. కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. గుంపు వల్ల ఎంబసీ భద్రతకు, ప్రశాంతతకు నిజంగా ముప్పు ఉంటే చెదరగొట్టే అధికారాన్ని మాత్రం ఉంచింది. నాకు సబబుగా తోచిన గీత అదే. ఇతర దేశాల్లో గీత ఇంకోచోట ఉండవచ్చు, మీ పోలీసుల ఉత్తర్వు ఏముందో చూసుకోండి. అట్ట పట్టుకున్నవాడి సంగతి ఏమైనా, ఆ అట్టను ఫొటో తీసిన మీ వల్ల గౌరవానికి భంగం కలిగిందనడం మరీ దూరం లాగడమే.

ప్రశ్న: ఒక రాయబారి కూతురి పెళ్ళి పబ్లిక్ గార్డెన్‌లో జరుగుతుంటే మా పత్రిక లాంగ్ లెన్స్‌తో ఫొటోలు వేసింది. పబ్లిక్ ప్లేస్ కదా, తప్పేముంది అని మా ఎడిటర్ అంటారు. నాకు మనసొప్పడం లేదు. (జర్నలిజం విద్యార్థిని)

జవాబు: నీ మనసు చెప్పిందే నిజం తల్లీ. "పబ్లిక్ ప్లేస్" అన్నంత మాత్రాన అన్నీ తీసి అచ్చు వేయొచ్చని కాదు. మొనాకో యువరాణి కారొలీన్ కేసులో 2004లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇదే చెప్పింది. ఆమె బజారుకు వెళ్ళడం, గుర్రం ఎక్కడం లాంటి ఫొటోలు జర్మన్ పత్రికలు వేశాయి. ఆమె ప్రముఖురాలు కాబట్టి బహిరంగ స్థలాల్లో ఓర్చుకోవాల్సిందేనని అక్కడి కోర్టులు అన్నాయి. యూరోపియన్ కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఫొటో ప్రజలకు పనికొచ్చే చర్చకు ఏమైనా తోడ్పడుతుందా అని అడిగింది. మళ్ళీ 2012లో అదే కోర్టు, మొనాకో పాలకుడైన తండ్రి జబ్బుగా ఉన్నప్పుడు ఆమె స్కీయింగ్ సెలవులకు వెళ్ళిన ఫొటోను తప్పు పట్టలేదు. పాలకుడి అనారోగ్యం ప్రజలకు సంబంధించిన విషయం, ఆ వార్తకు ఆ ఫొటో సంబంధం ఉన్నదే అంది.

అంటే రాయబారి కూతురి పెళ్ళికి ఏ ఆయుధాల వ్యాపారో ఆతిథ్యం ఇచ్చి ఉంటే అది వార్తే. పెళ్ళికూతురు ఏడ్చిందన్నది కాదు. మీ ఎడిటర్‌కు ఈ రెండు తీర్పులు చూపించు. వినకపోవచ్చు, నా ఎడిటర్లలో ఇద్దరు వినలేదు.

ప్రశ్న: ఇంత గొడవ ఉన్నప్పుడు ఈ దౌత్య రక్షణలన్నీ రద్దు చేస్తే పోదా?

జవాబు: పోదు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీలోకి జొరబడి 52 మందిని 444 రోజులు పట్టి ఉంచారు. ఆ రక్షణ లేకపోతే ఏ దేశపు ఉద్యోగి అయినా ఇంకో దేశంలో అలా బందీ కావచ్చు. దాన్ని వాడుకుని తప్పించుకునేవాళ్ళ మీద నాకెంత కోపం ఉన్నా, అది వద్దని మాత్రం అనలేను.

ప్రశ్న: ఎవరైనా అడిగితే మీరు ఎప్పుడైనా ఫొటో డిలీట్ చేశారా మేడం? నిజం చెప్పండి.

జవాబు: ఒక్కసారి. పార్కులో సంగీత కార్యక్రమం, ఒక ఎంబసీ సాయంతో. లోపలికి పాస్ ఉంది, తీసుకోమని వాళ్ళే చెప్పారు. విరామంలో ఒక చిన్న ఉద్యోగి, ఇరవై ఐదేళ్ళు ఉంటాయేమో, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా వైపు చూడకుండా, వేదిక వైపే చూస్తూ మాట్లాడాడు. "మీరు ఇందాక తీసిన పెద్ద ఫొటోలో మూడో వరుసలో ఆకుపచ్చ శాలువా కప్పుకున్నావిడ ఉన్నారు. మా దేశం వదిలి వచ్చేశారు. ఇక్కడికి వచ్చారని మా వాళ్ళకు ఇంకా తెలియదు. ఫొటో అచ్చయితే ఊళ్ళో ఆమె అన్నదమ్ములను పిలిపిస్తారు. ఇది నేను మీకు చెప్పకూడదు" అన్నాడు. డిలీట్ చెయ్యమని అనలేదు. చెప్పి వెళ్ళిపోయాడు.

కెమెరా తీసి చూశాను. ఆ రోజు తీసినవాటిలో మంచి ఫ్రేమ్ అదే. ఆవిడ ముఖం స్పష్టంగా ఉంది. తీసేశాను. రాత్రి ఆఫీసులో వైడ్ షాట్ ఏదని ఎడిటర్ అడిగారు. ఫోకస్ కుదరలేదన్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఫోకస్ కుదరకపోవడం ఏమిటని ఆయన వారం రోజులు ఎగతాళి చేశారు.